తట్టకు రెండో చెయ్యి

ఒత్తులు తప్పితే మన్నించండి. పెద్దతనంలో దిద్దుకున్న అక్షరాలు నావి. మెల్లగా నడుస్తాయి.

చేపల తట్టలోంచి చల్లటి నీరు... మెడ మీదుగా, వెన్ను మీదుగా, చీర కుచ్చిళ్ళ దాకా.

కొల్లేటి గట్టు మీద ఆ చలితోనే తెల్లవారేది.

నిండు తట్ట ఒక్క మనిషికి లేవదు. రెండో చెయ్యి కావాలి. దానమ్మకు ఆ చెయ్యి నాగరత్నం. నాగరత్నానికి దానమ్మ. ఇద్దరికీ మొగుళ్ళు పోయారు. తట్టలు మిగిలాయి.

"ఊఁ" అనేది ఒకతె.

"ఊఁ" అనేది ఇంకొకతె.

తట్ట లేచి తలమీది చుట్టకుదురు మీద కూర్చునేది. ఇక పెదపాడు బజారు దాకా కబుర్లే.

తర్వాత దేవరాజు వచ్చాడు. చెరువుల కాపలా మనిషి. మంచివాడు — తిట్టుకోవడానికి ఒక్క వంకైనా ఇవ్వనంత మంచివాడు.

ఈ వయసులో పెళ్ళేమిటని ఊరు బుగ్గలు నొక్కుకుంటే, ఊరిని కసిరింది దానమ్మే. నాగరత్నం జడలో పూలు తురిమిందీ దానమ్మే.

మర్నాటి నుంచి నాగరత్నం తట్ట తలకెక్కలేదు. దేవరాజు మోపెడ్ వెనక ఎక్కింది.

"నువ్వూ రావే, సర్దుకుందాం."

"మీ ఇద్దరి మధ్యా నేనెక్కడ కూచోనే? హేండిల్ మీదా?"

నవ్వారు. బండి వెళ్ళిపోయింది. నవ్వు గట్టు మీద కాసేపు నిలబడి, అదీ వెళ్ళిపోయింది.

"ఆదివారం ఏలూరు పోదావేంటే?"

"ఆయన్నడిగి చెబుతానే."

ఆయన్నడిగి... కొత్త చీరలా గరగరలాడింది ఆ మాట.

దానమ్మ అప్పట్నుంచి తట్ట సగమే నింపేది. ఒక్కతే ఎత్తుకోగలిగినంత.

సగం తట్ట. సగం కూడు.

ఒక పొద్దున నాగరత్నం బండి ఆపించింది.

"ఏంటే, సగవే తెత్తన్నావు?"

"చేపలు పడతల్లేదే."

గట్టు పొడవునా దోనెల్లో చేపలు తెల్లగా ఎగిరిపడుతున్నాయి. నాగరత్నం వాటిని చూసింది. దానమ్మను చూసింది.

"ఏవండీ, ఒక్క నిమిషం" అని దిగింది.

దేవరాజు ఇంజను ఆపలేదు.

నాగరత్నం వంగి తట్ట అంచు పట్టుకుంది. ఎప్పటి చోటే. ఎప్పటి చెయ్యే.

"ఊఁ."

దానమ్మ చేతులు వాటంతటవే లేచాయి.

నిండు తట్టకు అలవాటైన నాలుగు చేతులు. సగం తట్ట గాలిలోకి ఎగిరింది. ఒరిగింది. నీళ్ళన్నీ ఒక్కసారిగా దానమ్మ నెత్తిన.

"అయ్యో, తడిసిపోయావే!"

"పదవే. ఆయన చూత్తన్నారు."

బండి చప్పుడు మలుపు తిరిగింది.

చల్లటి నీరు... మెడ మీదుగా, వెన్ను మీదుగా. అందులో కొంత ఉప్పగా ఉంది. కొల్లేరు నీరు ఉప్పగా ఉండదు.

— దానమ్మ, అరవై ఒక్కేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది తాడేపల్లిగూడెం.