అత్త పేరు మీద కార్డు, కోడలి పేరు మీద డబ్బా

నేను ఒక చాటను. బియ్యం చెరిగే చాటను కాను, బీడీలు చుట్టే చాటను. మేదరి బాలయ్య నన్ను అల్లుతూ, ఇది గింజ మొహం చూసేది కాదులే అని అంచు కాస్త లోతుగా తిప్పాడు. నా రాత ఆ రోజే తేలిపోయింది. తునికాకు, తంబాకు, కత్తెర, దారం. ఆడదాని ఒడి దాటి నేను ఊరు చూడలేదు.

పదేళ్లు గంగవ్వ ఒడిలో ఉన్నాను. ఆమె వేళ్లు వంకరపోయాక కోడలు జమున ఒడిలోకి వచ్చాను. జమున ఏడో తరగతి మధ్యలో బడి మానిన పిల్ల. ఆకు, తంబాకు ఇచ్చి కూలి లెక్కగట్టే కార్ఖానా కార్డు మాత్రం గంగవ్వ పేరు మీదే ఉండిపోయింది. చుట్టేది కోడలు, పుస్తకంలో పడేది అత్త పేరు. మా వాడలో ఇంటింటా ఇదే పద్ధతి కనుక ఎవరికీ వింత కాదు. మనుషులు కాగితం మీద ఒకరు, చాట ముందు ఇంకొకరు.

ఒడిలో నేనుంటాను కనుక జమున ఎనిమిది నెలల కొడుకు ఎప్పుడూ నాయనమ్మ చంకలోనే.

రెండు నెలలుగా జమునకు దగ్గు. దగ్గినప్పుడల్లా నాలోంచి తంబాకు దుమ్ము లేచేది. అప్పుడే టీబీ సర్వే అంటూ ఆశ వర్కర్ వనితక్క పెద్ద కాగితం పట్టుకుని వచ్చింది.

"ఏం పని జేస్తవు జమునా?"

"ఏం పని లేదక్కా. ఇంట్లనే ఉంట."

నేను ఆమె ఒడిలోనే ఉన్నాను. వనితక్క నన్ను చూసింది. అయినా పని గడిలో 'ఏమీ లేదు' అని రాసింది.

అంతలోనే జమునకు దగ్గు తెర వచ్చింది, దగ్గుందా అని అడిగే పని పడలేదు. జమున పేరు అంటించిన చిన్న డబ్బా ఇచ్చి, "పొద్దుగాల లేవంగనే లోపల్నుంచి దగ్గి తెమడ ఉమ్మాలె. ఎంగిలి గాదు," అని చెప్పి వెళ్లింది.

తెల్లారి జమున డబ్బా పట్టుకుని కూర్చుంది. మూత తీసి మళ్లీ పెట్టింది.

"అత్తా, ఉన్నదని తేలితే ఎట్లనే? నోట్ల పెట్టుకునే బీడీ. కార్ఖానోల్లు మనకు ఆకిచ్చుడు బందు పెడ్తరు. పోరడు నా పాలే తాగుతుండు..."

"ఇటు తే," అంటూ గంగవ్వ డబ్బా లాక్కుంది. "నా పేరు మీద నువ్వు బీడీలు జేస్తలేవా? నీ పేరు మీద నేనొక్క ఉమ్ము ఉమ్మలేనా? నాకేం రోగం, గుండ్రాయి లెక్కున్న!"

గట్టిగా దగ్గి ఉమ్మి మూత బిగించింది. పొద్దున్నే దగ్గు ముసలివాళ్లకు మామూలే అనుకున్నారు ఇద్దరూ. వద్దని చెప్పడానికి చాటకు నోరు లేదు.

వారం తిరిగేసరికి వనితక్క గోలీలతో వచ్చింది.

"జమునా, టీబీ ఉన్నదని వచ్చింది. బుగులు పడకు, ఆర్నెల్లు వేసుకుంటే పోతది. నా ముంగట్నే మింగు."

జమున గోలీల వైపు చూడలేదు. గడప వైపు చూసింది. అక్కడ గంగవ్వ అన్నం ముద్దను నోటితో ఊది ఊది మనవడికి పెడుతోంది.

జమున నన్ను పక్కకు తోసి లేచి, ముందు బిడ్డను లాక్కుంది.

"అక్కా, ఆ తెమడ నాది గాదు. అత్తది."

"నోరు ముయ్యవే! కార్డు నా పేరు మీదున్నది, నాకు రోగమంటే అది పోతది!"

"ఉంటే ఉండనీ. గోలీలు నా పేరు మీద నేను మింగితే, నీ పేరు మీద నువ్వు సస్తవా?"

గంగవ్వ చేతిలోని ముద్దను కంచంలో వేసేసింది. వనితక్క తల పట్టుకుంది. "గింత పని జేస్తరా! ఇద్దరూ మళ్ల తెమడ ఇయ్యాలె. ఎవలి డబ్బల వాళ్లే. పోరణ్ని గూడ దవాఖానల సూపియ్యాలె."

"ఆ పని గడి గూడ కొట్టెయ్యక్కా," అంది జమున. "బీడీలు జేస్తదని రాయి."

అలా నా పని మొదటిసారి ఆమె పేరుతో కాగితమెక్కింది.

డబ్బాలు దవాఖానకు చేరకముందే టీబీ మాట కార్ఖానాకు చేరింది. మర్నాటి నుంచి ఆకు రాలేదు. నన్ను గోడ మేకుకు తగిలించారు.

కొత్త డబ్బాల కబురు ఇంకా రాలేదు, జమునకు రోగం ఉందో లేదో తెలియదు. జమున మూతికి కొంగు కట్టుకుని పాలిస్తుంది, ఇచ్చిన వెంటనే దూరంగా చాప మీద దించుతుంది. ఇన్నాళ్లూ నా వల్ల వాడికి ఆ ఒడి దొరకలేదు. ఇప్పుడు నేను మేకు మీద ఉన్నాను, ఒడి ఖాళీగా ఉంది. వాడు నవ్వుతూ పాక్కుంటూ వస్తాడు. ఆమె రెండు చేతులూ అడ్డం పెడుతుంది.