ఎక్కడానికి కొన్న సైకిలు

“కొండ మీద మీరెలా తొక్కుతారమ్మా? నిదానంగా ఎక్కుతారా, జోరుగా దిగుతారా?” సైకిళ్ల షాపాయన అడిగింది అంతే.

వదిన నోరు తెరిచేలోపే, సైకిలు కొంటానంటే తోడొచ్చిన ఆడపడుచు కిసుక్కున నవ్వింది. ఆ పిల్ల రెండేళ్లుగా ఓ జట్టుతో కలిసి కొండ సైకిలు తొక్కుతోంది. “మా వదిన దర్జీ అండీ. కుట్టుమిషను తప్ప ఇంకేం తొక్కుతుంది?”

వదినకి ఒళ్లు మండింది. ఆరు నెలలుగా తను అద్దె సైకిలు తొక్కుతున్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు. “దిగుతానండీ. జోరుగానే,” అనేసింది.

ఆయన లావుపాటి టైర్లు, ముందూ వెనకా కుదుపులు ఆపే షాకులు ఉన్న బరువైన సైకిలొకటి తీశాడు. షాపు వెనకే కొండవాలు. “ఒకసారి దిగి చూడండి. రెండు బ్రేకులూ కలిపి మెల్లగా నొక్కాలి. ముందుది ఒక్కటే పట్టారో, పల్టీ కొడతారు.”

పైనుంచి చూస్తే దారి నిలువునా కిందికి పడిపోతున్నట్టుంది. కానీ అన్న మాట ఎలా వెనక్కి తీసుకోవడం?

మొదటి పది గజాలు బాగానే సాగింది. ఆ తర్వాత సైకిలు ఆవిడ మాట వినడం మానేసింది. చక్రాల కింద రాళ్లు జారిపోతున్నాయి. గాలికి కళ్లనిండా నీళ్లు. కుడిపక్కన మనిషి లోతు గండి, మలుపు మలుపుకీ దగ్గరకొస్తోంది. ముందు బ్రేకు ఏ చేతిది? గుర్తు రాలేదు. నొక్కితే పల్టీ, నొక్కకపోతే గండి.

“వదినా! రెండూ పట్టు! రెండూ!” పైనుంచి ఆడపడుచు అరుపు.

కళ్లు మూసుకుని రెండూ బిగించింది. వెనక చక్రం సర్రున జారింది. ఆవిడ ఎడమపక్క పొదలో పడింది, ఆవిడ మీద సైకిలు పడింది.

ముందు వేళ్లు కదిపి చూసుకుంది. సూది పట్టే వేళ్లు. పదీ కదిలాయి.

ఆడపడుచు పరుగున వచ్చి పక్కన కూలబడింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. “నా నోటిదురుసు వల్లే వదినా. నీకేమన్నా అయ్యుంటే అన్నయ్యకి నా మొహం ఎలా చూపించేదాన్ని?”

షాపాయన సైకిలు లేవనెత్తాడు. “భయమని ముందే చెప్పొచ్చు కదమ్మా?”

“పరువు అడ్డొచ్చిందండీ. రోజూ పొద్దున్నే మెరక ఎక్కుతాను. ఎక్కడమంటే ప్రాణం. దిగాలంటే ప్రాణం పోతుంది. సైకిలు నడిపించుకుంటూ వచ్చేస్తాను.”

ఆయన నవ్వలేదు. “అలా తొక్కేవాళ్లకీ సైకిలుందమ్మా,” అని, వెనక షాకు లేని తేలికపాటిది, మెరకలో సులువుగా తిరిగే గేర్లున్నది తెచ్చాడు. పాదాలు నేలకానేలా సీటు దించాడు.

ఆదివారం ఇద్దరూ కొండెక్కారు. పైన వాలు కనబడగానే వదిన గబుక్కున సైకిలు దిగింది. ఆడపడుచూ దిగింది.

“నువ్వు తొక్కుకుంటూ పోవే.”

“నాకూ భయమే వదినా, మొదట్నుంచీ,” అంది ఆ పిల్ల మెల్లగా. “మా జట్టులో ఎవరితో చెప్పుకోను?”

హ్యాండిళ్లు గట్టిగా పట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ ఇద్దరూ నడిచే దిగారు.