అర పాయింట్

ఆదివారం పదకొండు గంటలకు సీతాఫల్‌మండి కమ్యూనిటీ హాల్లో చివరి చదరంగం ఆట ఆగిపోయింది. షెకీనా దగ్గర రాజు ఒక్కటే మిగిలింది, అదీ మూలలో. ఎదుటి పిల్లవాడు సత్యదేవ్ మంత్రిని జరిపి చేతులు కట్టుకున్నాడు. షెకీనా రాజుకు చెక్ లేదు. కానీ ఏ గడిలోకి జరిపినా చెక్‌లో పడుతుంది.

"స్టేల్‌మేట్. డ్రా," అంది షెకీనా. ఆమెకు పన్నెండేళ్లు. డ్రా అయితే చెరో అర పాయింట్. అప్పటిదాకా ఆమె అర పాయింట్ ముందుంది కాబట్టి జిల్లా పోటీకి ఆమే వెళుతుంది. ఓడితే సత్యదేవ్ వెళతాడు.

తీర్పు చెప్పాల్సింది పురుషోత్తం. వయసు అరవై ఎనిమిది. ఒక కార్మిక సంఘం ఆఫీసులో ముప్పై ఏళ్లు ఇంగ్లిష్ ఉత్తరాలు రాశాడు. సంఘమూ యాజమాన్యమూ దిగిరాని ప్రతిసారీ చర్చలు స్టేల్‌మేట్‌కు చేరాయని టైపు చేసేవాడు. పత్రికలవాళ్లు దాన్ని ప్రతిష్టంభన అని వేసేవారు. చదరంగం మాత్రం లాలాగూడ రైల్వే క్వార్టర్లలో, డ్యూటీ దిగి వచ్చినవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. అక్కడ ఎత్తు వేయలేనివాడు ఓడినట్టు.

"ఎత్తు లేదు గద బిడ్డా. ఓడినవ్."

"చెక్ లేకుండ ఓడుడేంది తాతా? స్టేల్‌మేట్ అంటే డ్రా."

"స్టేల్‌మేట్ అంటే ఏందో నాకు చెప్తున్నవా? నువ్వు పుట్టకముందు వెయ్యిసార్లు రాసిన."

హాల్లో నవ్వారు. "తాతకే ఇంగ్లిష్ క్లాస్ షురూ చేసింది పోరి," అన్నారెవరో వెనకనుంచి.

"మీ కాడ రూల్స్ కాయితం ఉంది. చదువుండ్రి," అంది షెకీనా.

జిల్లావాళ్లు పంపిన కాగితం అది. ఇంగ్లిష్‌లో ఉంది. పిల్లలకు తెలుగులో చెప్పమని ఇస్తే, తెలిసిన ఆటే కదా అని ఆయన తెరవలేదు. ఇప్పుడు తెరిచాడు. పదో లైన్లో ఉంది: రాజుకు చెక్ లేకుండా, వేయడానికి ఎత్తూ లేకపోతే స్టేల్‌మేట్. ఆట డ్రా.

రెండుసార్లు చదివాడు. నలభై మంది చూస్తున్నారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"కాయితంల గిట్ల లేదు," అన్నాడు.

షెకీనా ఏదో అనబోయింది. తండ్రి డేవిడ్ రాజు ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన మౌలాలిలో ఫ్రిజ్‌లు రిపేరు చేస్తాడు.

"ఊకో బిడ్డా. సార్‌కు మనకంటే ఎరుక."

మధ్యాహ్నం పురుషోత్తం అన్నం సగంలో లేచాడు. హాల్ కార్యదర్శి స్వర్ణలత ఇంటికి వెళ్లాడు. జిల్లాకు పేరు ఇంకా పోలేదు.

"ఆ ఆట డ్రా అమ్మా. షెకీనా పేరు రాయి."

"ఎట్ల మారింది సార్? సత్యదేవ్ వాళ్లమ్మ అడుగుతది."

ఆయన జేబులోని కాగితం తడుముకున్నాడు.

"ముందు ఆటల పాయింట్లు కూడుట్ల తప్పయింది, మీరు పట్టుకున్నరు అని చెప్తా తీయండ్రి. మీకెందుకు పరేషాన్?"

వద్దనాలి. "సరే," అన్నాడు.

సాయంత్రం మౌలాలి బస్సెక్కాడు. జిల్లా పోటీకి ఆమే వెళుతుందని పిల్లకు చెప్పి వచ్చేద్దామనుకున్నాడు. డేవిడ్ రాజు కుర్చీ తుడిచి వేశాడు.

"స్వర్ణలత మేడం ఫోన్ చేసిన్రు సార్. తప్పు మీరే పట్టిన్రంట. వేరేటోళ్లయితే ఎవరు చూస్తరు?" లోపలికి తిరిగి పిలిచాడు. "షెకీనా, సార్‌కు థ్యాంక్స్ చెప్పు. పొద్దున కొట్లాడినందుకు సారీ సుత చెప్పు."

షెకీనా తలుపు దగ్గర నిలబడింది. "నేనెందుకు చెప్పాలె?"

"చెప్పమన్న గద!"

"సారీ తాతా," అంది.

పురుషోత్తం కుర్చీలోంచి లేచాడు.

"డేవిడ్ రాజూ, కూడుట్ల తప్పేం లేదు. డ్రా అనే ఉండె కాయితంల. సదివినంక లేదన్న."

"సదివినంకనా సార్?"

"సదివినంకనే. గంత మంది ముందట, చిన్నపిల్ల..."

డేవిడ్ రాజు కూతురి వైపు చూశాడు. "నిన్ను ఊకోమన్న," అన్నాడు. పురుషోత్తం వైపు తిరిగాడు. "మాకు చెప్తే ఏమొస్తది సార్? నవ్వినోళ్లకు చెప్పుండ్రి."

"వచ్చే ఆదివారం హాల్ల చెప్తా."

"హాల్ వాట్సాప్ గ్రూప్ ఉంది గద," అంది షెకీనా. "అందరు అండ్లనే ఉన్నరు."

పురుషోత్తం ఫోన్ తీశాడు. ఒక వాక్యం టైపు చేసి చెరిపాడు. మళ్లీ మొదలుపెట్టాడు: పొద్దున ఆట డ్రా. నాకు తెలిసే అబద్ధం చెప్పాను.

తండ్రీ కూతుళ్లు నిలబడే ఉన్నారు. పంపాడు.