కంపెనీ మందు, మామూలు నొప్పి

"అమ్మది కంపెనీ మందు, నీది మామూలు మందు. రెండూ కలిపెయ్యకు," అన్నారు మా ఆయన, మందుల సంచీ వంటగట్టు మీద పెడుతూ.

నాకు ఆ మాటలో తప్పేమీ కనిపించలేదు. మా ఇంట్లో నొప్పులు కూడా అలాగే ఉండేవి. అత్తయ్యది మోకాళ్ళ నొప్పి. దానికి ఎక్స్‌రే ఉంది, గోడకి ఆనించిన కర్ర ఉంది, గడప దాటి వచ్చిన ప్రతివాళ్ళూ "ఇప్పుడెలా ఉంది?" అని అడగడం ఉంది. నాది మణికట్టు నొప్పి. దానికి నేనొక్కదాన్నే సాక్షిని. అత్తయ్యని కీళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిన రోజు, పక్కన తోడుగా కూర్చున్నదాన్ని కుర్చీ చెయ్యి ఆనుకుని లేవబోయి మొహం చిట్లిస్తే, డాక్టరే "మీ చెయ్యి కూడా చూడనా అమ్మా?" అన్నాడు. చూశాడు, నొక్కాడు, నాకూ ఒక చీటీ రాశాడు. బయటికి వచ్చాక మా ఆయన అన్న మాట ఇదీ: "వచ్చిన పనేంటి, నువ్వు చేసుకొచ్చిందేంటి?" మందుల షాపులో వాళ్ళమ్మ చీటీ ఇచ్చి "మంచి కంపెనీది ఇవ్వండి" అన్నారు. నా చీటీ ఇచ్చి, "ఇది చవకది ఏదైనా పర్లేదు, పెద్ద నొప్పేం కాదు," అన్నారు. నా నొప్పి పెద్దదో చిన్నదో ఆయన ఎప్పుడు కొలిచారో నాకు తెలీదు.

నేను ఒక ప్రెస్సులో పుస్తకాల పేజీలు కూరుస్తాను. అక్షరాలూ బొమ్మలూ కంప్యూటర్ మీద ఒద్దికగా అమర్చడం నా పని. చెయ్యి నొప్పని ఒకసారి మా ప్రెస్సు యజమానికి చెబితే పకపకా నవ్వి, "మౌసెంత బరువుంటుందమ్మా, ఎలకపిల్లంత!" అన్నాడు. అయినా నాకు ఆ పనంటే ప్రాణం. పైగా ఈసారి పిల్లల నిఘంటువు వచ్చింది. ప్రతి మాటకీ పక్కన చిన్న బొమ్మ. పుస్తకం మొత్తం నా చేతి మీదుగా నడిపించమని యజమానే అడిగాడు. ఆ సాయంత్రం ఇంటికి ఎగురుకుంటూ వచ్చి చెబితే మా ఆయన వార్తల మీంచి కళ్ళు తియ్యకుండానే, "ఆ ప్రెస్సే నీ చేతిని తినేస్తోంది. ఉద్యోగం వదిలేసి ఇంట్లో హాయిగా ఉండు. నీ మంచికే చెబుతున్నా," అన్నారు. ఆ రాత్రి అంట్లు తోముతుంటే గిన్నె చేతిలోంచి జారిపోయింది. నిజమే కాబోలు అనుకున్నాను. ఇల్లూ ప్రెస్సూ రెండు ఉద్యోగాలు నావల్ల కావనీ, నెలాఖరుకి ఒక ఉద్యోగం మానేస్తాననీ ఆయనకి మాటిచ్చాను. ప్రెస్సులో ఇంకా చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదు.

ఆ ఆదివారం ఉదయం అలమర తుడుస్తున్నాను. అత్తయ్య మందుల డబ్బా ఒక చేతిలో, నా మందు రేకు ఇంకో చేతిలో. డబ్బా మీద పెద్ద అక్షరాలతో మెరిసిపోయే పేరు. నా రేకు మీద మెరుపూ లేదు, పెద్ద పేరూ లేదు. రోజంతా అక్షరాలతో బతికేదాన్ని, చిన్న అక్షరాలు కనిపిస్తే చదవకుండా ఉండలేను. డబ్బా మీద మెరిసే పేరు కింద, చీమ తలకాయంత అక్షరాల్లో మందు అసలు పేరుంది. నా రేకు మీదా అదే పేరుంది. మోతాదూ అదే! మళ్ళీ చదివాను. అక్షరం అక్షరం వేలు పెట్టి చదివాను. గుండె ఎందుకంత కొట్టుకుందో ఇప్పటికీ చెప్పలేను. నిధి దొరికినట్టు, దొంగ దొరికినట్టు, రెండూ ఒకేసారి దొరికినట్టు.

"అత్తయ్యా! ఇది చూడండి!"

మా అత్తయ్య హైస్కూల్లో సైన్సు టీచరుగా చేసి రిటైరయింది. కళ్ళజోడు ముక్కు మీదికి లాక్కుని రెండూ పక్కపక్కన పెట్టి చదివింది. మొదట ఆవిడకి కోపమొచ్చింది. "అంటే ఏంటి, నాకూ నీకూ ఒకటే మందా? నా మోకాళ్ళూ..." అని ఆగిపోయింది. నా వైపు చూసింది. "అసలు నీకెక్కడ నొప్పి?"

ఈ ఇంటికొచ్చిన ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఆవిడ నన్ను అడగడం అదే మొదలు. చెయ్యి చాపి చూపించాను. ఆవిడ తన లావుపాటి బొటనవేలితో మణికట్టు మీద మెల్లగా నొక్కింది. "ఇక్కడా? తిప్పితేనా, ఊరికేనా? పదికి ఎన్ని మార్కులు వెయ్యొచ్చు?" నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ పట్టించుకోలేదు. ఆవిడ కళ్ళలో వేరే వెలుగేదో వెలిగింది.

మా ఆయన్ని పిలిచి అడిగితే తేలిగ్గా కొట్టిపారేశారు. "పేరు ఒకటైనంత మాత్రాన పని ఒకటవుతుందా అమ్మా? జనరిక్ జనరిక్కే, కంపెనీ కంపెనీయే."

"అది నువ్వు నమ్మేది. నేను తెలుసుకోవాలి," అంది అత్తయ్య.

ఆవిడే డాక్టరుకి ఫోన్ చేసింది. ఆయన నవ్వి, రెండింట్లో ఏది వేసుకున్నా ఒకటేననీ, మోతాదూ వేళా మాత్రం మార్చొద్దనీ చెప్పాడు. ఇక ఆవిడని ఆపేవాళ్ళు లేరు. "ఇదిగో అమ్మాయ్, ఒక వారం ఇద్దరం ఒక మందు. ఇంకో వారం ఇద్దరం ఇంకో మందు. ఏది ఏ వారమో మనకి తెలియకూడదు. తెలిస్తే మనసు మాయ చేస్తుంది. నా మోకాలిని నీ మణికట్టుతో పోల్చొద్దు, ఎవరి నొప్పి వాళ్ళే కొలుచుకోవాలి."

"మరి మాత్ర ఎవరిస్తారు?"

"వాడే. ఈ ఇంట్లో ఏ నొప్పీ లేని మనిషి వాడొక్కడేగా!"

మాత్రలు రెండూ తెల్లగా, కోలగా ఒకేలా ఉంటాయి. కంపెనీదాని మీద మాత్రం చిన్న అక్షరాలు చెక్కి ఉంటాయి. అందుకని కళ్ళు మూసుకోవాలన్నమాట. రాత్రి భోజనాలవగానే అత్తాకోడళ్ళం పక్కపక్కన కూర్చుని, కళ్ళు మూసుకుని, నోళ్ళు తెరిచేవాళ్ళం. మా ఆయన పిచికపిల్లలకి మేత పెట్టినట్టు పెట్టేవారు. మొదటిరోజు నాకు నవ్వాగక పొలమారింది. అత్తయ్యకి నా నవ్వు అంటుకుంది. ఈ ఇంట్లో మేమిద్దరం కలిసి నవ్వడం ఎప్పుడన్నా జరిగిందా అని ఆలోచించాను. గుర్తు రాలేదు.

మర్నాటి నుంచి సాయంత్రాలు ఆవిడ వంటగది తలుపు వెనక సుద్దముక్కతో ఇద్దరి నొప్పులకీ మార్కులు వేసేది. నాలుగైదు రోజులకే ఆవిడ మొహం చిరాగ్గా మారింది. ఆవిడ మార్కులు బుద్ధిగా ఒకచోటే ఉన్నాయి. నావి కోతిపిల్లల్లా గెంతుతున్నాయి. ఆడపడుచు కుటుంబం భోజనానికొచ్చిన రోజు ఎనిమిది. దుప్పట్లు ఉతికిన రోజు తొమ్మిది. ప్రెస్సులో పొద్దుపోయేదాకా కూర్చుని, ఇంటికొచ్చేసరికి అత్తయ్యా ఆయనా బయటినుంచి తిండి తెప్పించుకున్న రోజు మాత్రం మూడు.

"నీ నొప్పి మందు మాట వినట్లేదే," అంది అత్తయ్య, సుద్దముక్క బుగ్గకి ఆనించుకుని. "ఇంకెవరి మాటో వింటోంది. ఇలాగైతే లాభం లేదు. పని పక్కన పెట్టించాలి. అప్పుడుగానీ మందు సంగతి తేలదు."

"నేను మొదట్నించీ మొత్తుకుంటున్నది అదేగా!" మా ఆయన ఉత్సాహంగా లేచారు. "ప్రెస్సుకి సెలవు పెట్టెయ్యమను."

"ప్రెస్సుకి సెలవు పెడితే జీతం కోస్తారు. ఇంటిపనికి సెలవు పెడితే కోసేదెవరు?" అంది ఆవిడ, వాక్యం మధ్యలో కామా పెట్టినంత తేలిగ్గా. "ఈ రెండు వారాలూ వంట, అంట్లు, ఉతుకుడు, తుడుపు నీవి. మొదట్నించీ మళ్ళీ మొదలుపెడదాం."

"నేనా? నాకు ఆఫీసుంది!"

"దానికీ ఉంది."

నేను గోడకి ఆనుకుని నిలబడి విన్నాను. ఇదంతా మాత్రల కోసమే, సైన్సు కోసమే అని నాకు తెలుసు. అయినా ఆ రెండు మాటలు, "దానికీ ఉంది" అన్న ఆ రెండు మాటలు, బాత్రూంలోకెళ్ళి తలుపేసుకుని నాలో నేను పదిసార్లు అనుకున్నాను. ఒకప్పుడు ఇదే అత్తయ్య "నేను బడికి పోయి కూడా ఇంటెడు చాకిరీ చేశాను, చేతులేం అరిగిపోలేదు" అనేది. ఆవిడ మోకాళ్ళు దేనికి అరిగాయో ఆవిడకీ ఇప్పుడే అనుమానమొచ్చిందేమో. నేను అడగలేదు.

ఆ రెండు వారాలు! ఎలా చెప్పను? సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పి, ఊరికే కూర్చున్నాను. ఊరికే. మొదటిరోజు కూర్చోవడం చేతకాలేదు. మూడుసార్లు లేచాను, మూడుసార్లూ అత్తయ్య "ప్రయోగం పాడుచెయ్యకు!" అని గదమాయించింది. మా ఆయన గిన్నెలతో యుద్ధం చేశారు. ఏ డబ్బాలో ఏముందో తెలియక వంటింట్లోంచి కేకలు పెట్టారు. దుప్పటి పిండలేక ఒక కొస తలుపు గడియకి కట్టి మెలితిప్పారు. నాలుగోరోజుకి నడుం పట్టుకుని వచ్చి, "నాకూ ఒక మాత్ర ఇవ్వండి," అన్నారు. "డాక్టరు రాయందే ఎలా ఇస్తామురా? ఇది చీటీ మీద ఇచ్చే మందు," అంది వాళ్ళమ్మ. పాపం, వేణ్ణీళ్ళ కాపడంతో సరిపెట్టుకున్నారు. నేనే నీళ్ళు కాచి ఇవ్వబోయాను. చేతిని వెనక్కి లాక్కోవడానికి ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు. పన్నెండేళ్ళ అలవాటు అది. ఎవరు మూలిగినా నా చెయ్యి ముందు లేస్తుంది. మెదడుకి ఆ తర్వాత తెలుస్తుంది.

ఒకరోజు ప్రెస్సులో 'గాలిపటం' అన్న మాట పక్కన బొమ్మ అమరుస్తూ చటుక్కున ఆగాను. మౌస్ మీద నా చెయ్యి హాయిగా ఉంది. పొద్దుట్నుంచీ నొప్పి సంగతే గుర్తు రాలేదు! పక్క సీటు అమ్మాయి "ఏంటక్కా, నీలో నువ్వే నవ్వుకుంటున్నావ్?" అంది. ఏం చెప్పను?

రెండో వారం ముగిసిన సాయంత్రం ముగ్గురం వంటగది తలుపు ముందు నిలబడ్డాం. పరీక్ష పేపర్లు ఇచ్చేరోజు పిల్లలకి ఉన్నట్టుంది నాకు. అత్తయ్య గొంతు సవరించుకుంది. "నా అనుమానం ముందే చెబుతున్నా. రెండో వారం కంపెనీ మందు. మోకాళ్ళు వెన్నలా కదిలాయి. అవునా?"

మా ఆయన ఖాళీ రేకు తీసి చూపించారు. "రెండో వారం... జనరిక్."

ఆవిడ కళ్ళజోడు తీసింది, తుడిచింది, పెట్టుకుంది. తన మార్కులు మళ్ళీ చూసుకుంది. రెండు వారాలూ ఇంచుమించు ఒకటే. ఆ తర్వాత కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది. "ఇన్నాళ్ళూ మెరుపు కాగితం చూసి మురిసిపోయానన్నమాట! ఇద్దరికీ ఇక నుంచి జనరిక్కే తీసుకురా."

"సరే, తేలిపోయిందిగా. మందులు రెండూ ఒకటే," అని మా ఆయన వెనక్కి తిరగబోయారు.

"ఆగండి," అన్నాను. "నావి ఎవరూ చూడలేదు."

చూశారు. కంపెనీ మందు వారం రెండు, మూడు, రెండు. జనరిక్ వారం రెండు, రెండు, మూడు. వాటి పైన, పని ఆపకముందు వేసినవి ఎనిమిది, తొమ్మిది. ప్రెస్సుకి మాత్రం నేను ఈ రెండు వారాల్లో ఒక్కరోజు మానలేదు. పైగా నిఘంటువు కోసం ఎక్కువసేపే కూర్చున్నాను. అత్తయ్య చేతిలోని సుద్దముక్కని గట్టు మీద మెల్లగా పెట్టింది.

నాకు కోపం రాలేదు. రావాలి కదా, రాలేదు. ఒంట్లో ఏదో ఉరకలు వేసింది. ఇన్నాళ్ళూ నా చేతిని తింటోందన్న నింద మోసిన నా ప్రెస్సు, నా అక్షరాలు, నా బొమ్మలు, అన్నీ నిర్దోషులుగా విడుదలైనట్టు! అక్కడే నిలబడి మా ప్రెస్సు యజమానికి ఫోన్ చేశాను. "నిఘంటువు మొత్తం నేనే చూసుకుంటానండీ. రేపు పొద్దున్నే వచ్చి పని పంచుతాను," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా, పెద్దగా వినిపించింది. అటువైపు ఆయన "బతికించావమ్మా" అన్నాడు.

ఫోన్ పెట్టేసరికి మా ఆయన భుజం మీది తువ్వాలు తీసి కుర్చీ మీద వేస్తున్నారు. "అయితే ప్రయోగం అయిపోయినట్టేగా. రేపటి నుంచి వంట నువ్వు..." అంటుండగానే గుర్తొచ్చి, "అదేంటి, ఒక ఉద్యోగం మానేస్తానని మాటిచ్చావ్?" అన్నారు.

"మాట తప్పలేదండీ," అన్నాను, ఆ తువ్వాలు తీసి మళ్ళీ ఆయన భుజం మీదే సర్దుతూ. "మానేసి రేపటికి రెండు వారాలు."