నాన్న పెట్టె మూలలు

లోకంలో మొగుళ్లు రిటైరైతే పేపరు చదువుకుంటారు, మరీ తోచకపోతే వంటింట్లోకొచ్చి డబ్బాల మూతలు తీసి చూస్తారు. ఆవిడ మొగుడు మాత్రం రంపం మిషన్ కొన్నాడు. మధ్యలోంచి గుండ్రటి రంపం పైకి లేచే ఇనపబల్ల అది. అది షెడ్డులోకి వచ్చిన రోజునుంచి కారు ఎండలో ఉంది, ఇల్లంతా పొట్టులో ఉంది.

ముప్పై రెండేళ్లు కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసిన చెయ్యి ఆయనది. ఇప్పుడా చేతికి ఒక్కటే కోరిక: మేకు కొట్టకుండా ఒక పెట్టె చెయ్యాలి. రెండు చేతుల వేళ్లూ పెనవేసినట్టు, ఒక పలక పళ్లు ఇంకో పలక సందుల్లోకి దిగాలి. అలాంటి పెట్టె ఇంట్లో ఒకటుంది. వడ్రంగి అయిన ఆవిడ నాన్న చేతిరంపంతో చేసింది. చిన్నప్పటినుంచీ ఆవిడ సూదులూ దారాలూ అందులోనే. ఆయన ఏ పెట్టె పూర్తిచేసినా ఆవిడ దీన్ని తెచ్చి పక్కన పెట్టేది.

“మా నాన్న మిషన్ లేకుండానే చేశాడండీ. సందులో వెంట్రుక దూరదు. మీ సందుల్లో చీమలు కాపురం పెట్టుకోవచ్చు.”

మొదటిది వదులు. రెండోది ఎంత బిగువంటే, సుత్తితో తట్టగానే ఒక పన్ను ఎగిరిపోయింది. మూడోది సగందాకా బుద్ధిగా నడిచింది. రంపం పక్కన, పలకని ఆనించి తోసే అడ్డచెక్కకి ఒక చిన్న పుల్ల ఉంటుంది. కోసిన సందుని ఆ పుల్లకి తగిలించి తర్వాతిది కోయాలి. పుల్ల వెంట్రుకవాసి పక్కకుంటే ప్రతి పన్నూ వెంట్రుకవాసి తప్పుతుంది. పన్నెండో పన్నుకొచ్చేసరికి ఆ వెంట్రుకలన్నీ కలిసి జడయ్యాయి.

“పోనీలెండి, ఉల్లిపాయలు పోసుకుంటా. గాలాడుతుంది” అందావిడ.

నాలుగోది మొదలుపెట్టేముందు ఆయన ఎప్పట్లా నవ్వలేదు.

“ఇదే ఆఖరిది. ఇదీ మీ నాన్న పెట్టె పక్కన నిలబడకపోతే మిషన్ ఎవరికైనా ఇచ్చేస్తా. నీ కారు నీడకొస్తుంది” అని షెడ్డులోకి వెళ్లిపోయారు.

ఆవిడ సంతోషించాలి కదా? సంతోషం రాలేదు. ఈ రెండు నెలలూ వంటింటి కిటికీలోంచి తాజా చెక్క వాసన వస్తోంది. బడినుంచి రాగానే పుస్తకాల సంచీ పడేసి నాన్న పనిచేసే చోటికి పరిగెత్తిన వాసన అది. తిట్టుకుంటూనే ఆ కిటికీ ఒక్కరోజూ మూయలేదు.

సరే, పోటీ పోటీయే. నాన్న పెట్టెని తడిగుడ్డతో తుడుస్తోంది. మూల దగ్గర నువ్వుగింజంత పెచ్చు ఊడి గుడ్డకి అంటుకుంది. గోటితో గీకి చూసింది. చెక్క కాదు. ఎండిన జిగురు, అందులో రంపపు పొట్టు. ఊడినచోట సన్నటి సందు.

అప్పుడు గుర్తొచ్చింది. తనకి ఎనిమిదేళ్లు. నాన్న డబ్బామూత చేతికిచ్చి, “అమ్మడూ, ఈ పొట్టూ జిగురూ కలిపి మూలలకి రుద్దు. పెట్టెకి మెరుపొస్తుంది” అన్నాడు. బొటనవేలు మంటెత్తేదాకా రుద్దింది. చూసినవాళ్లందరికీ నాన్న “ఆ మెరుపంతా మా అమ్మాయిదే” అని చెప్పాడు. యాభై ఏళ్లుగా తను దాన్ని మెరుపనే అనుకుంటోంది!

షెడ్డులో ఆయన అడ్డచెక్కని కాలెండరు కాగితం మందాన జరిపి, పనికిరాని ముక్క మీద మూడుసార్లు పరీక్షించి, అసలు పలకలు కోశారు. పళ్లు అరచేత్తో నొక్కితేనే దిగాయి. మూడు మూలలు భేషుగ్గా ఉన్నాయి. నాలుగోదాంట్లోంచి సన్నగా వెలుతురు కనిపించింది.

“ఊఁ. ఇచ్చేద్దాంలే” అని ఆయన ప్లగ్గు పీకేశారు.

అప్పుడే షెడ్డులోకొచ్చిన ఆవిడ, నాన్న పెట్టెని బల్లమీద పెట్టి, పెచ్చూడిన మూల ఆయనవైపు తిప్పింది. ఆయన మొహంలో ఆశ్చర్యం లేదు.

“మీకు తెలుసా?”

“మొదటిరోజే కొలిచాగా. ఏ రెండు పళ్లూ ఒక్కలా లేవు.”

“మరి నేనన్ని మాటలంటుంటే నోరు మూసుకుని పడ్డారేం?”

“మీ నాన్న గుట్టు నేను బయటపెట్టేదేంటే!”

ఆవిడ నేలమీద చతికిలబడి, ఒక డబ్బామూత వెతికి, గుప్పెడు పొట్టు తీసి జిగురులో కలిపింది. ఆయన పెట్టెని ఒళ్లో పెట్టుకుని, వెలుతురొస్తున్న మూలకి బొటనవేలితో అద్ది రుద్దుతూ, తలెత్తకుండానే అంది:

“మిషన్ ఎవరికీ ఇవ్వకండి. తప్పు నాదేనండీ. మా నాన్న సందుల్లోనూ చీమలు కాపురముండేవి.”