సగం కమాను

సాయంత్రం విజయనగరంలో నా ఫిడేలు కచేరీ. మధ్యాహ్నమైనా కమాను పూర్తిగా లాగలేకపోతున్నాను. నొప్పి కాదు. చివరిదాకా లాగితే కుడి రొమ్ము పైట కింద పక్కకి జరిగి మళ్ళీ వెనక్కి వస్తోంది. అద్దంలో నేనే చూశాను. ముందు వరసలో వాళ్ళకి కనబడకుండా ఉంటుందా?

వేసవిలో ఇంట్లో చెప్పకుండా విశాఖపట్నంలో రొమ్ములు నిండుగా కనబడే ఆపరేషన్ చేయించుకున్నాను. నా కోసమే, ఎవడి కోసమూ కాదు. నేను మరీ సన్నం. ఇంప్లాంటు ఛాతీ కండ పైన పెడితే అంచులు చేతికి తగులుతాయనీ, పోనుపోను చర్మం పల్చబడొచ్చనీ డాక్టరమ్మ కండ కింద పెట్టింది. "ఒంటికి శ్రమయ్యే పనులేమైనా ఉన్నాయా? జిమ్‌కి వెళతారా?" అని ముందే అడిగింది. లేవన్నాను.

నిన్న చూపించుకోడానికి వెళితే తల పట్టుకుంది. "రోజూ గంటల తరబడి ఫిడేలా! కండ బిగిసినప్పుడల్లా కిందున్నది కదులుతుంది. ఆ మాట ముందు చెప్పొద్దా?" మళ్ళీ కోసి కండ పైకి మార్చొచ్చట. మారిస్తే అంచుల గొడవ. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"చరితా, ఏటే ఆ వాయింపు?" అంటూ అమ్మ వచ్చి ఎదురుగా కూర్చుని తాళం అందుకుంది. నా గురువు ఆవిడే. సాయంత్రం వేదిక మీద పక్కన కూచుని తాళం వేసేదీ ఆవిడే. "కమాను సగంలో ఆపేస్తన్నావు. నాదం గొంతు నొక్కినట్టున్నాది. పూర్తిగా లాగు."

"సాయంత్రం లాగుతాలే."

"ఇప్పుడు లాగు."

ఒళ్ళు మండింది. చూడు, చూసుకో అనుకుని పైట సర్దుకోకుండానే చివరికంటా లాగాను.

అమ్మ తాళం తప్పింది. బుద్ధెరిగాక అమ్మ తాళం తప్పడం నేను చూడలేదు. భయమేసి అంతా చెప్పేశాను.

తిట్లకి సిద్ధంగానే ఉన్నాను. ఆవిడ అడిగింది ఒక్కటే. "మరి ఫిడేలు సంగతి డాక్టరికి ఎందుకు సెప్పలేదే?"

"ఒంటికి శ్రమయ్యే పనులున్నాయా అని అడిగిందమ్మా. ఇది పనని తోచలేదు."

అమ్మ నా చేతిలో కమాను వంక చూసింది. చిన్నప్పుడు చేతులు లాగేస్తున్నాయని ఏడిస్తే, "ఇది పని కాదే, పూజ" అని కమాను మళ్ళీ నా చేతిలో పెట్టింది ఆవిడే.

"నేనే కదేటే అలా నేర్పేను," అంది. కళ్ళు తుడుచుకుని, తాళానికి తొడ మీద చెయ్యి వేసింది. "మొదట్నించీ వాయించు. పూర్తిగా లాగు. సూసినోళ్ళు సూస్తారు."