కంచు తీగల బ్రష్

సంచిలో రెండు జతల బట్టలు, దువ్వెన, సబ్బు, తుడుపు గుడ్డలు పెట్టి, నానమ్మ మళ్ళీ అన్నీ బయటికి తీసింది. సర్దడం పూర్తయితే మనవరాలు బయల్దేరుతుందని ఆమె భయం. ఆ ఇంట్లో సంచి సర్దినప్పుడల్లా ఒక్కో మనిషి తగ్గుతూ వచ్చారు. ముందు ఆమె తమ్ముడు, తర్వాత ఆడపడుచు, ఆ తర్వాత పెద్దకొడుకు.

ముందు గదిలో తుపాకులు బాగుచేసే కొట్టు, వెనక గదుల్లో కాపురం. తాత పోయాక కొట్టు చిన్నకొడుకు చేతికొచ్చింది. అతని కూతురు ఆ మసిలో, ఆ నూనెలోనే పెరిగి పని నేర్చుకుంది. ఇప్పుడు అడవి కాపలావాళ్ళ ఆయుధశాలలో ఉద్యోగం తెచ్చుకుంది. తండ్రి ఒంటికాలి మీద లేచాడు. కొట్టు ఎవరు చూస్తారని కాసేపు, ఆడపిల్లకి అడవేమిటని కాసేపు. ఆమె మాత్రం రైలు టిక్కెట్టు కొనుక్కొచ్చి, చల్లగా కూర్చుంది.

కొట్టులో ఒక పద్ధతి ఉండేది. పని నేర్చి బయటికి వెళ్ళేవాళ్ళకి ఇంటి పెద్ద ఒక బ్రష్ ఎంచి, నూనె గుడ్డలో చుట్టి, దారంతో కట్టి ఇవ్వాలి. కొత్త చోట మొదటి తుపాకీ గొట్టం ముందు కూర్చునేదాకా ఆ మూట విప్పకూడదు. ఆయుధశాలలో పరీక్ష కూడా అదే. చేరిన రోజే సొంత బ్రష్‌తో ఒక గొట్టం శుభ్రం చేసి చూపించాలి. తేడా వస్తే వచ్చిన దారినే పంపేస్తారు.

చిన్నకొడుకు తలుపు దగ్గరగా వేసి, తల్లి చేతిలో ఉక్కు తీగల బ్రష్ పెట్టాడు. ఇది చుట్టి ఇమ్మన్నాడు. ఉక్కు తీగలు గొట్టం లోపల గుండు తిరగడానికి చెక్కిన గాడులను గీకేస్తాయి. వాడితే గొట్టం పాడు, వాడకపోతే దాని దగ్గర ఇంకో బ్రష్ లేదు. ఎలా చూసినా పిల్ల వారం తిరక్కుండా ఇంటికొస్తుందన్నాడు.

"నీకు మాత్రం అది వెళ్ళడం ఇష్టమా అమ్మా?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. పిల్ల తిరిగొచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తున్నట్టు ఆమెకు కళ్ళకు కట్టింది. ఉక్కు బ్రష్ పట్టుకునే కొట్టులోకి నడిచింది. బల్ల కింది పెట్టె లాగి ముందేసుకుంది.

నైలాన్‌ది మెత్తన, అడవి తేమకి గట్టిపడిన మసిని అది కదపలేదని పక్కన పడేసింది. మసిని వదిలించి గొట్టాన్ని గీకని కంచుది ఒకటి తీసి, సరి చూడ్డానికి ఉంచిన గొట్టం ముక్కలోకి తోసింది. చుట్టపుచూపుగా వెళ్ళినట్టు చప్పుడు లేకుండా అటు నుంచి వచ్చేసింది. వదులు. ఇంకో కంచుది భుజం బలం పెడితే గానీ కదల్లేదు. కరకరమంటూ వెళ్ళి అటు తేలింది. తీగలన్నీ ఒకే వైపు వాలి ఉన్నాయి, ఒక్కటీ విరగలేదు. దాన్ని గుడ్డలో పెట్టింది.

"అంటే పంపిస్తావన్నమాట," అన్నాడు వెనకే వచ్చిన కొడుకు.

"పంపిస్తాను. ఏడుపొస్తే ఏడుస్తాను, అది నా గొడవ. దాని చేతిలో చెడ్డ పనిముట్టు మాత్రం పెట్టను. ఇదిగో నీ ఉక్కుది, గేటు తుప్పు గీక్కో."

"అయితే మళ్ళీ ఈ గుమ్మం ఎక్కొద్దని చెప్పు దానికి."

"నువ్వే చెప్పరా. నోరుందిగా."

సంచి భుజాన వేసుకుని మనవరాలు వెనక గదిలోంచి వచ్చింది. "ఎవరూ చెప్పక్కర్లేదు, వినబడింది. నాన్న తన నోటితో రమ్మనేదాకా రాను."

"ఎవరి పోలికే ఈ పౌరుషం?" అంది నానమ్మ, దారం బిగిస్తూ.

"ఇంకెవరిది? ఇప్పుడేగా విన్నాను."

నానమ్మ దారాన్ని మరో చుట్టు తిప్పి లాగింది. ముడి గట్టిగా పడింది. మూట తనే సంచిలో పెట్టి, వీధి మలుపు దాకా వెంట నడిచింది. కొడుకు కొట్టులోంచి కదల్లేదు.

పరీక్ష నెగ్గినట్టు కబురొచ్చింది. తండ్రి రమ్మనలేదు. రమ్మనకుండానే మూడో ఏడు చలికాలంలో పోయాడు. అన్న మాట మీదే నిలబడ్డ మనవరాలు అప్పుడూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు.